ఇంపోర్టెడ్ కారుకు షాకబ్జర్లు తెప్పించేటప్పుడు

నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఇంపోర్టెడ్ ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే) కార్లు నడిపేవాళ్లు మోడల్ పేరు చెప్పి సస్పెన్షన్ పార్టులు ఆర్డర్ పెట్టకండి. అదే పేరుతో టూ వీల్ డ్రైవ్ రకం కూడా ఉంటే, దాని పార్టు వచ్చి పడుతుంది. ఛాసిస్ నంబరుతో (అంకెలు, అక్షరాలు కలిపి 17) పార్ట్ నంబర్ తీయించుకోండి. పాత పార్టు మీదున్న నంబర్ ముద్రతో సరిచూసుకున్నాకే హైదరాబాద్‌ రాణిగంజ్‌లోనో, ఢిల్లీ కశ్మీరీ గేట్‌లోనో ఉన్న స్పేర్ పార్టుల షాపులకు ఫోన్ చేయండి. షాకబ్జర్లు జతగా మార్చాలి. సెకండ్ హ్యాండ్‌వి మాత్రం ఎంత చవకైనా వద్దు. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది ఇనుప చేయి) దొరక్కపోతే టెన్షన్ లేదు, ఆర్మ్ బాగుంటే చాలాసార్లు దాని చివరుండే రబ్బరు తొడుగు, అంటే బుష్ ఒక్కటే కొత్తది ప్రెస్ చేయించుకోవచ్చు. ఆ రబ్బరు బుష్ బోల్టులను బండి జాకీ మీద వేలాడుతుండగా బిగించనివ్వకండి. చక్రాలు నేలమీద ఆనాకే పూర్తిగా బిగించాలి, లేదంటే కొత్త బుష్ తొందరగా చిరుగుతుంది. తర్వాత వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) ఎలాగూ తప్పదు.