మూడో పాఠం: మెట్టు పరీక్ష, నాడి పక్కన షుగర్ లెక్క

పోయిన పాఠంలో మణికట్టు దగ్గర నాడి పట్టడం నేర్చుకున్నారు. ఇవాళ దాన్ని వాడుదాం. దమ్ము ఎంతుందో తెలుసుకోవడానికి ట్రెడ్‌మిల్ అక్కర్లేదు, అడుగు ఎత్తున్న గట్టి మెట్టు చాలు. టేపు పెట్టి కొలవండి, 30 సెంటీమీటర్లు ఉండాలి. ఇంటి ముందరి అరుగు ఆ ఎత్తుంటే మంచిదే. షాబాద్ బండ తడిగా ఉంటే కాలు జారుతుంది, తుడిచి ఆరనివ్వండి. స్టూలు మాత్రం వద్దు, ఒరిగిపోతుంది.

టైప్ వన్ షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక, బయటినుంచి వేసుకోవాల్సిన రకం) ఉన్నవాళ్లకు అసలు పని మెట్టెక్కక ముందే. పొద్దున ఆరింటికి, టిఫిన్‌కూ దాని ఇన్సులిన్‌కూ ముందే చేయండి. తిండికి వేసుకున్న ఇన్సులిన్ ఒంట్లో పనిచేస్తుండగా కండరాలు కూడా చక్కెర లాగితే షుగర్ గబగబా పడిపోతుంది. పాలమూరు ఎండలో పది దాటాక చేస్తే వేడికే నాడి పెరుగుతుంది, ఆ లెక్క పనికిరాదు. చాయ్ కూడా తర్వాతే.

ముందు షుగర్ చూడండి. 126 నుంచి 180 మధ్య ఉంటే మంచిది, 270 దాకా ఉన్నా మొదలుపెట్టొచ్చు. 90 నుంచి 125 ఉంటే 10 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి చేయండి. 90 లోపుంటే 15 గ్రాములు తాగి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. 70 లోపుంటే ఆ రోజుకు పరీక్ష మానేయండి. ఇక్కడ పల్లిపట్టి, జొన్నరొట్టె ఆదుకోవు, అరగడానికి టైం పడుతుంది. పొడి అంటిన వేలినే పొడిస్తే మీటరు లేని షుగర్ చూపిస్తుంది, సబ్బుతో కడిగి పూర్తిగా తుడిచాకే సూది పెట్టండి. 270 దాటితే రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగిస్తే పుట్టే ఆమ్లాలు) చూడాలి. 0.6 దాటినా పరీక్ష వద్దు, 1.5 దాటితే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. నిన్న స్పృహ తప్పేంతగా షుగర్ పడిపోయినవాళ్లు ఇవాళ చేయకూడదు.

ఫోన్‌లో మెట్రోనోమ్‌ను (లయ తప్పకుండా టక్ టక్‌మనే యాప్) నిమిషానికి 96 దెబ్బలకు పెట్టండి. దెబ్బకో అడుగు: ఎక్కు, ఎక్కు, దిగు, దిగు. నిమిషానికి 24 చుట్లు, మూడు నిమిషాల్లో 72. అయిపోగానే కూర్చుని, అయిదు సెకన్లలోపే నాడి పట్టి నిండు నిమిషం లెక్కపెట్టండి. నాడి తక్కువుంటే దమ్ము ఎక్కువున్నట్టు. ఆలస్యమైతే నాడి దిగిపోయి, లేని దమ్ము ఉన్నట్టు కనిపిస్తుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చెమటతో వణుకు మొదలైతే అక్కడే ఆపి, షుగర్ చూడండి. ఛాతీ నొప్పికి మాత్రం షుగర్ ఎంతున్నా ఆసుపత్రికే వెళ్లాలి.

షుగర్ పడిపోతుంటే ఒళ్లు అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతుంది, దాంతో నాడి పెరుగుతుంది. అది దమ్ము తగ్గడం కాదు. అందుకే 75 షుగర్ మీద వచ్చిన నాడిని 150 మీద వచ్చిన నాడితో పోల్చొద్దు. ఏళ్ల షుగర్‌తో గుండె నరాలు దెబ్బతిన్నవాళ్లకు, బీటా బ్లాకర్ మాత్రలు (గుండె వేగం తగ్గించేవి) వాడేవాళ్లకు నాడి సరిగా పెరగదు. వాళ్లూ, కంటి లోపల రక్తనాళాలు చెడినవాళ్లూ డాక్టరుతో మాట్లాడాకే మెట్టెక్కాలి.

నోటుబుక్కులో ఒకే వరుసలో రాయండి: ముందు షుగర్ 142, నాడి 118, తర్వాత షుగర్ 131. నాలుగు వారాలకు అదే మెట్టు మీద, అదే టైంకు మళ్లీ చేయండి. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్ లాంటి చోట చేసే 12 నిమిషాల పరుగు పరీక్ష వచ్చే పాఠంలో. దానికి జేబులో గ్లూకోజ్ పొట్లం సిద్ధంగా ఉంచుకోండి.