హావ్‌లాక్‌లో ఒక్క రోజు: మన హైదరాబాద్ టైమ్ అక్కడ నడవదు

శంషాబాద్‌లో నేరుగా వెళ్లే విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్, అక్కడి నుంచి ఫెర్రీలో దాదాపు రెండు గంటలు వెళ్తే హావ్‌లాక్ దీవి. ఇప్పుడు కాగితాల మీద ఒకటి శ్రీ విజయపురం, రెండోది స్వరాజ్ ద్వీప్, కానీ టికెట్ కొనేటప్పుడు పాత పేర్లే చెప్పండి, ఎవరైనా అర్థం చేసుకుంటారు.

ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఎండ లెక్క. అండమాన్ మనకు చాలా తూర్పున ఉంది, కానీ గడియారం మాత్రం మనదే. డిసెంబరులో అక్కడ ఐదున్నరకే తెల్లారిపోయి, సాయంత్రం ఐదుకల్లా సూర్యుడు మునిగిపోతాడు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇంట్లో లాగే మధ్యాహ్నం కునుకు తీసి సాయంత్రం నాలుగున్నరకు లేచి, స్నానం చేసి, టీ తాగి, సూర్యాస్తమయం చూద్దామని ఐదున్నరకు తీరికగా రాధానగర్ బీచ్‌కి చేరాను, చూస్తే జనం చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ వెనక్కి వస్తున్నారు. కాబట్టి ప్లాన్ మొత్తం గంట ముందుకు జరపండి.

పొద్దున్నే ఐదుకు లేచి కాలాపత్తర్ బీచ్‌కి వెళ్లండి. తూర్పు వైపు తీరం, నల్లరాళ్లు, సూర్యోదయం. అరగంట చాలు.

ఎనిమిదిలోపు జెట్టీకి వెళ్లి ఎలిఫెంట్ బీచ్ బోటు ఎక్కాలి, ఎందుకంటే ఆలస్యమయ్యేకొద్దీ జనం పెరుగుతారు, నీళ్లూ కలక బారుతాయి. ఒకప్పుడు అడవిలో దుంగలు లాగడానికి ఏనుగులను వాడేవారు, ఆ పేరు అలా వచ్చింది. ఇప్పుడు ఏనుగులేమీ లేవు, అక్కడికి వెళ్లేది స్నార్కెలింగ్ కోసమే, అంటే మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్లపై తేలుతూ కింద చేపల్ని చూడటం. మాస్క్ పెట్టుకునే ముందు లోపలి అద్దం మీద ఉమ్మి వేలితో రుద్ది, నీళ్లతో ఒక్కసారి కడగండి, ఆవిరి పట్టదు. (ఛీ అనకండి, అక్కడ అందరూ చేసేది అదే.) నుదుటి మీద వెంట్రుకలు మాస్క్ కింద ఇరుక్కుంటే నీళ్లు లోపలికి వస్తాయి, మీసం ఉన్నా అంతే. మా బావ దట్టమైన మీసంతో మూడుసార్లు ఉప్పునీళ్లు మింగాక, పక్కనున్న కుర్రాడు మీసానికి కాస్త వాజ్‌లిన్ రాయమన్నాడు, అప్పుడు గానీ ఆయనకు చేపలు కనబడలేదు. ఈత రాకపోయినా టెన్షన్ పడక్కర్లేదు, ట్యూబ్ వేసి గైడ్ లాక్కెళ్తాడు. పగడాల మీద కాలు పెట్టకండి, ముక్క కూడా తెచ్చుకోకండి, చట్టరీత్యా నేరం.

మధ్యాహ్నం అన్నం, చేపల పులుసు. ఇక్కడ స్థిరపడినవాళ్లలో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు, కాబట్టి కూరల్లో ఆవ రుచి తగులుతుంది. దయచేసి బిర్యానీ అడగకండి, దొరుకుతుంది, అదే సమస్య. అన్నంలోకి ఆవకాయ కావాలంటే ఇంటి నుంచే చెక్‌ఇన్ బ్యాగులో పెట్టుకోండి, చేతి సంచీలో అయితే సెక్యూరిటీలో ఆపేస్తారు.

తిన్నాక హోటల్ ముందే దిగుదామనుకుంటే, ఆటుపోట్ల వేళ కనుక్కోండి. తూర్పు తీరంలో పాటు వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడో దూరానికి వెళ్లిపోయి, కింద రాళ్లూ బురదా తేలి ఉంటాయి. ఆ టైమ్‌లో కునుకు తీయడం మేలు.

మూడుకల్లా స్కూటర్ మీద రాధానగర్‌కి బయల్దేరండి, జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది దీని గురించే. పడమటి వైపు ఉంది, ఇసుక మెత్తగా పిండిలా ఉంటుంది, వెనకాల ఆకాశాన్ని అంటే చెట్లు. జెండాలు పాతిన హద్దు లోపలే నీళ్లలోకి దిగండి, లైఫ్‌గార్డ్ ఈల వేస్తే వాదించకండి. 2010లో దీని పక్కనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. సాయంత్రం ఇసుక ఈగలు కుడతాయి, కాళ్లకు కొబ్బరినూనె రాసుకుని కూర్చోండి.

సూర్యుడు మునిగాక చీకటి గబుక్కున పడుతుంది, వెనక్కి వచ్చే దారిలో లైట్లు తక్కువ. అందుకే పొద్దున స్కూటర్ తీసుకునేటప్పుడే హెడ్‌లైట్ వేసి చూడండి, వెలగకపోతే అక్కడికక్కడే బండి మార్పించుకోండి.