మృగశిరకు సముద్రపు చేప కొనేవారికి జాగ్రత్తలు: తల, తోక చూడనిదే కొనకండి

మృగశిర కార్తె దగ్గర పడింది. జూన్ 7, 8 తేదీలు రాగానే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి చేపల మార్కెట్లలో కాలు పెట్టే చోటు ఉండదు. రవ్వ, బొచ్చె, కొర్రమీను సంగతి మన ప్రాంతం వారికి ఒకరు నేర్పవలసింది లేదు. చిక్కంతా సముద్రపు చేపతోనే. ఇటీవల మా పట్టణంలో ఒక ఇంట్లో వంజరం పేరుతో తెచ్చిన ముక్కలను వేయించుకొని తిన్నవారికి గంటలోపే ముఖం, మెడ ఎర్రబడి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, భరించలేని తలనొప్పితో రాత్రికి రాత్రి ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది. ముక్కలకు దుర్వాసన లేదు, రుచిలోనూ పెద్ద తేడా తెలియలేదు. అది ఏ చేప అని వైద్యుడు అడిగితే ఇంటివారు జవాబు చెప్పలేకపోయారు, ఎందుకంటే దాని తలను గానీ తోకను గానీ వారిలో ఎవరూ చూడలేదు.

కళ్ళు మెరవాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ తిరిగి లేవాలి అన్న మాటలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. నేను పదే పదే చూసిన తప్పు ఒక్కటే: ముందే కోసి పెట్టిన ముక్కలను, అమ్మేవారు చెప్పిన పేరు నమ్మి కొనడం. తల లేకపోతే కళ్ళు, మొప్పలు చూసే అవకాశమే ఉండదు. తోక లేకపోతే జాతిని పోల్చే గుర్తుల్లో సగం పోతాయి.

మొదట కాలం సంగతి చూద్దాం. బంగాళాఖాతంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేట నిషేధం. అరేబియా సముద్రంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు నిషేధం. అంటే సరిగ్గా మృగశిర ప్రవేశించే రోజుల్లో రెండు తీరాల్లోనూ పెద్ద పడవలు రేవులోనే ఉంటాయి. మోటారు లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉన్నా, వాటికి పడే కొద్దిపాటి చేప తీరం దాటి మన దాకా రావడం అరుదు. కాబట్టి ఆ వారంలో "రాత్రి మచిలీపట్నం నుంచి దిగిన తాజా వంజరం" అని ఎవరైనా చెబితే, అది చాలా వరకు ఐసులోనో కోల్డ్ స్టోరేజీలోనో చాలా రోజులు ఉండి వచ్చిన సరుకేనని అనుకోండి. నిల్వ చేపను తినకూడదని కాదు. గడ్డకట్టించి సరిగా దాచిన చేప మంచిదే. తాజా ధర పెట్టి, తాజా అన్న భరోసాతో ఎండలో ఇంటికి మోసుకుపోవడమే ప్రమాదం.

ఇక అసలు విషయం. వంజరం, కానాగంత, సూర అని పిలిచే ట్యూనా ఒకే కుటుంబానికి చెందినవి. వీటి మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చిన తరువాత ఐసు చాలక వేడి తగిలితే, బాక్టీరియా దానిని హిస్టమిన్‌గా మారుస్తుంది. పైన చెప్పిన ఇంట్లో కనిపించిన లక్షణాలన్నీ హిస్టమిన్ ఎక్కువైనప్పుడు వచ్చేవే. ఒకసారి పుట్టిన హిస్టమిన్ నూనెలో వేయించినా, చింతపండు పులుసులో మరిగించినా, ఫ్రీజరులో పెట్టినా పోదు. వాసనతో పసిగట్టగలమన్న ధీమా కూడా పనికిరాదు.

ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడానికి ఒక తేలికైన ఆనవాలు ఉంది. చేపను పక్కకు తిప్పి, వీపు మీది రెండవ రెక్క ముగిసే చోటు నుంచి తోక మొదలు దాకా వేలు జరపండి. గోరంత చిన్న రెక్కలు విడివిడిగా ఒకదాని వెనుక ఒకటి తగులుతాయి. కడుపు వైపు కూడా అదే వరుస ఉంటుంది. కానాగంతకు పైన అయిదు, కింద అయిదు ఉంటాయి. వంజరానికి అంతకంటే ఎక్కువ. ఈ వరుస కనిపిస్తే అది ఐసు తప్పకుండా ఉండవలసిన చేప అని అర్థం. కవళ్ళకు (సార్డిన్ చేపలకు) ఈ చిన్న రెక్కలు ఉండవు గానీ ప్రమాదం మాత్రం ఉంది. ముక్కలు కోసేటప్పుడు మొదట పోయేది ఈ తోక భాగమే. అందుకే మళ్ళీ చెబుతున్నాను: తల, తోక ఉన్న చేపను చూసి, తూకం వేయించి, మీ కళ్ళ ముందే కొట్టించుకోండి. "సాఫ్ చేసి పెట్టినం సార్, వంజరమే" అన్న మాట ఎంత మర్యాదగా చెప్పినా అది గుర్తింపు కాదు.

పేరు మార్చి అమ్మడంలో ప్రాణం పోదు గానీ డబ్బు పోతుంది. చెరువుల్లో పెంచే రూప్‌చంద్‌ను సముద్రపు చందువ (పాంఫ్రెట్) అని అంటగట్టడం మన దగ్గర మామూలే. నోరు తెరిచి చూడండి: రూప్‌చంద్‌కు మనిషి పళ్ళను పోలిన వెడల్పాటి పళ్ళుంటాయి, వీపు రెక్కకూ తోకకూ మధ్య కండలాంటి చిన్న రెక్క ఒకటి ఉంటుంది, కడుపు కింద జత రెక్కలుంటాయి. తెల్ల చందువకు ఈ మూడూ ఉండవు. పండుగొప్పకు నోరు పెద్దది, నుదురు లోపలికి వంగి ఉంటుంది, తోక అంచు చీలకుండా గుండ్రంగా ఉంటుంది. అయితే దానిని మంచినీటి చెరువుల్లోనూ పెంచుతారు కాబట్టి పండుగొప్ప కనిపించగానే సముద్రపు సరుకని ధర పెంచనివ్వకండి. ముళ్ళు లేని తెల్లటి మెత్తని ముక్కలు చౌకగా వస్తే అవి బాసా అనే పెంపకపు మంచినీటి చేపవి అయ్యే అవకాశమే ఎక్కువ. వంజరం ముక్కలన్న వాటి తోలు మీద పెద్ద పొలుసుల అచ్చులు కనిపిస్తే, కండలో చీలిన సన్నని ముళ్ళు గుచ్చుకుంటే, అది మన బొచ్చె వంటి మంచినీటి చేపే.

సెలవులకు బాపట్ల దగ్గరి సూర్యలంక బీచికో చీరాల దగ్గరి ఓడరేవు బీచికో వెళ్ళి, ఒడ్డున వల దులిపిన చోట చేపలు ఏరుకొనేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పొలుసులు లేక, ముట్టుకుంటే కడుపు బంతిలా ఉబ్బి, పళ్ళు కలిసిపోయి ముక్కులా ముందుకు వచ్చిన చేపను (పఫర్ ఫిష్) తాకకండి, వండకండి, కోళ్ళకు కూడా వేయకండి. దాని కాలేయంలో, గుడ్లలో ఉండే విషం ఉడికించినా పోదు. టేకు చేప (స్టింగ్‌రే) తోకకు ముల్లుంటుంది; చచ్చినదే కదా అని పట్టుకోకండి. జెల్ల రెక్కల ముల్లు గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్ళలో ఆ చోటును ముంచి ఉంచి, ఆసుపత్రికి వెళ్ళండి.

మార్కెట్లో ఇవి కూడా పాటించండి. కూరగాయలు, కిరాణా ముగించుకొని చేపను చివరగా కొనండి. వెళ్ళేటప్పుడే మూత ఉన్న డబ్బా పట్టుకెళ్ళండి, ఐసు అడిగి వేయించుకోండి. బండి డిక్కీలో పెట్టి పెళ్ళికి వెళ్ళకండి. కరిగిన చేపను మళ్ళీ గడ్డకట్టించకండి. ఐసు లేని బండి మీద కానాగంతలు కొనకండి, ధర సగమైనా కొనకండి. కండ రబ్బరులా బిగిసి, మందు వాసన వేసే చేపను వదిలేయండి. 2018లో కేరళలో ఫార్మాలిన్ (కుళ్ళకుండా ఉంచే రసాయనం) కలిపిన చేపను అధికారులు పట్టుకున్నారు, ఆ తరహా సరుకుకు రాష్ట్రాల సరిహద్దులు అడ్డు కావు. తల తీసేసిన చేపను కొనకండి. పేరు అడిగితే విసుక్కునే చోట కొనకండి. నాలుక మీద ఘాటుగా, మిరియం నమిలినట్టు మంట తగిలితే ఆ ముద్దను ఉమ్మేయండి, పెట్టినవారు ఏమనుకుంటారోనని మింగకండి.

తిన్న తరువాత ముఖం ఎర్రబడినా, దద్దుర్లు వచ్చినా, గుండె దడగా ఉన్నా వైద్యుని దగ్గరకు వెళ్ళండి. పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. వండని ముక్క మిగిలి ఉంటే దానిని, లేకపోతే కూరలోని ముక్కనైనా కవరులో చుట్టి వెంట తీసుకెళ్ళండి. మొత్తం చేపను కొన్నప్పుడు ఫోనులో తీసిన ఫొటో ఉంటే వైద్యునికి అది ఇంకా బాగా పనికివస్తుంది.