పన్నులు తగ్గిస్తే మేలేనా? ఈ వాదనను సరిగ్గా నడపడం ఎలా

పన్ను కోతల మీద చర్చ మొదలైన కాసేపటికే ఇరుపక్షాలూ కంఠతా వచ్చిన మాటలు అప్పజెప్పడం మొదలుపెడతాయి. జనం చేతిలో డబ్బు ఆడితే వ్యాపారాలు పెరుగుతాయని ఒకరు, అంతా ఉన్నవాళ్ల జేబుల్లోకే పోతుందని మరొకరు. రెండింటిలోనూ కొంత నిజముంది. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే కోత గురించా అన్నది మాత్రం ఎవరూ అడగరు. వాదన అక్కడి నుంచే మొదలవ్వాలి.

1. ఏ పన్ను, ఎవరికి?

ఆదాయపు పన్నా, కంపెనీల లాభాల మీద పన్నా, సరుకుల మీద పన్నా? తక్కువ ఆదాయం వారికి పన్ను తగ్గితే మిగిలినదాంట్లో ఎక్కువ భాగం వెంటనే ఖర్చవుతుంది. మందగించిన మార్కెట్‌కు అది గిరాకీ. పై వర్గాలకు మిగిలినది ఎక్కువగా పొదుపులోకో పెట్టుబడుల్లోకో వెళ్తుంది. దాని ఫలితం కనిపించాలంటే సమయం పడుతుంది, కనిపించకపోవచ్చు కూడా.

కంపెనీల పన్నులో ఇంకో మెలిక ఉంది. కొత్త యంత్రం కొన్న ఖర్చును అదే ఏడాది లాభంలోంచి మినహాయించుకోనిస్తే, రాయితీ కొత్త పెట్టుబడికే దక్కుతుంది. మొత్తం రేటునే తగ్గిస్తే ఎప్పుడో కట్టిన ఫ్యాక్టరీ లాభానికీ అదే రాయితీ వస్తుంది. జరిగిపోయిన పనికి ఖజానా బహుమతి ఇవ్వడం ఎందుకో, ఆ కోతను సమర్థించేవారే చెప్పాలి.

2. ఎక్కడి నుంచి ఎక్కడికి?

పన్ను తగ్గిస్తే రాబడి పెరుగుతుందని ఎవరైనా అంటే కాగితం, కలం తీయండి. అమెరికా ఆర్థికవేత్త ఆర్థర్ లాఫర్ పేరుతో ప్రసిద్ధమైన రేఖ చెప్పేది ఇంతే: రేటు సున్నా అయినా నూరు శాతమైనా ఖజానాకు దాదాపు ఏమీ రాదు, గరిష్ఠ రాబడి మధ్యలో ఎక్కడో ఉంటుంది. దాన్ని కాదనలేం. మనం ఆ రేఖ మీద ఎక్కడ ఉన్నామన్నదే తగువు.

రేటు 70 నుంచి 50కి దిగిందనుకోండి. అదనంగా సంపాదించిన ప్రతి 100లో చేతికి మిగిలేది 30 నుంచి 50కి, అంటే దాదాపు 67 శాతం పెరుగుతుంది. రాబడి తగ్గకుండా ఉండాలంటే పన్ను పడే ఆదాయం 40 శాతం పెరగాలి. కష్టమే, అయినా ప్రోత్సాహం పెద్దది. అదే 30 నుంచి 25కి దిగితే మిగిలేది 70 నుంచి 75కి, సుమారు 7 శాతమే పెరుగుతుంది. పన్ను పడే ఆదాయం మాత్రం 20 శాతం పెరగాలి. 7 శాతం ఆశ చూపి 20 శాతం అదనపు ఆదాయం రాబట్టడం ఎలాగో ఎదుటివారిని అడగండి.

అమెరికాలో 2017 చట్టం కంపెనీల పన్నును 35 నుంచి 21 శాతానికి దించింది. పెరిగే వృద్ధి నుంచి తిరిగి వచ్చే రాబడిని కలుపుకొన్నాక కూడా, ఆ చట్టం మొత్తం వల్ల 11 ఏళ్లలో లోటు సుమారు 1.9 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని అక్కడి పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం 2018లో లెక్కగట్టింది. వృద్ధి అసలు రాదని ఆ లెక్క అనలేదు, వచ్చే వృద్ధి చాలదంది.

3. అదే సమయంలో ఇంకేం జరిగింది?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. అమెరికా అధ్యక్షుడు రీగన్ హయాంలో 1981 చట్టం గరిష్ఠ ఆదాయపు పన్నును 70 నుంచి 50 శాతానికి, 1986 చట్టం 28 శాతానికి తెచ్చాయి. 1982 చివర్లో 10.8 శాతంగా ఉన్న నిరుద్యోగం తర్వాత బాగా తగ్గింది. కోతల గొప్పతనమేనా? ధరలను అదుపు చేయడానికి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లను 20 శాతం దరిదాపులకు తీసుకెళ్లి, 1982 రెండో సగంలో బాగా దించింది. రక్షణ ఖర్చు ఎగబాకింది. రీగనే 1982లో కొన్ని పన్నులు పెంచారు కూడా.

కోతల వ్యతిరేకులు సంబరపడక్కర్లేదు. 1993లో అధ్యక్షుడు క్లింటన్ గరిష్ఠ రేటును 39.6 శాతానికి పెంచాక వృద్ధి బాగుంది, 1998 నుంచి 2001 దాకా బడ్జెట్‌లో మిగులూ వచ్చింది. అంతమాత్రాన పన్ను పెంచితే వృద్ధి వస్తుందనడం అదే తప్పును తిరగేసి చేయడం. ముందూ వెనుకా అంకెలు పోలిస్తే చాలదు. ఆ మార్పు చేయకపోయి ఉంటే ఏం జరిగేదో అంచనా కట్టాలి. ఉద్యోగాల విషయంలో మరీ జాగ్రత్త: 2017 చట్టం తర్వాత నిరుద్యోగం తగ్గిన మాట నిజమే, కానీ అది 2010 నుంచే దిగుతూ వస్తోంది.

4. లోటు ఎవరు పూడుస్తారు?

ఖర్చు తగ్గించాలి, లేదా అప్పు చేయాలి, లేదా ఇంకో పన్ను వేయాలి. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం 2012లో చాలా చిన్న వ్యాపారాల ఆదాయం మీద రాష్ట్ర పన్నే ఎత్తివేసింది. ఆశించిన వృద్ధి రాలేదు, రాబడి పడిపోయింది. గవర్నర్ వీటోను కాదని చట్టసభే 2017లో ఆ కోతల్లో చాలా భాగం వెనక్కు తీసుకుంది. బ్రిటన్‌లో 2022 సెప్టెంబరులో సుమారు 4,500 కోట్ల పౌండ్ల కోతలు ప్రకటించి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ ఎగసింది, కేంద్ర బ్యాంకు రంగంలోకి దిగాల్సి వచ్చింది, ప్రధాని లిజ్ ట్రస్ రెండు నెలలు కూడా నిలవలేదు. ఈ రెండు ఉదాహరణలతో కోతలన్నీ చెడ్డవని తేల్చేయకండి. బ్రిటన్‌లో అప్పటికే ధరలు మండిపోతున్నాయి, మాంద్యంలో ఇచ్చిన కోత వేరేలా పనిచేస్తుంది.

5. అంకెలు తేల్చలేని భాగాన్ని పక్కకు తీయండి

ప్రభుత్వం చిన్నదిగా ఉండాలా, పెద్దదిగానా అన్నది అభిరుచికీ విలువలకూ సంబంధించిన తగువు. దాన్ని వృద్ధి రేటు ముసుగులో వాదిస్తే ఎన్నటికీ తెగదు. ఎదుటివారిని నేరుగా అడగండి: ఈ కోత వల్ల వృద్ధి ఏమీ రాదని తేలినా మీరు దీన్ని సమర్థిస్తారా? అవునంటే, ఆ పూటకు గణాంకాలు మూసేసి మిగతాది మాట్లాడుకోవచ్చు.