రైఫిల్‌కు స్లింగ్ ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి?

స్లింగ్ (రైఫిల్‌కు తగిలించే పట్టీ) కొనేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: భుజాన మోయడానికా, గురి పెట్టేటప్పుడు ఆసరాకా? మోసే స్లింగ్‌కు రెండు కొసలూ రైఫిల్‌కే తగులుతాయి. షూటింగ్ స్లింగ్‌కు ఒక కొస చేతి దండకు, రెండోది రైఫిల్ ముందుభాగానికి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్న పిల్లలకు షూటింగ్ స్లింగ్ కొనడం డబ్బు దండగ. అది నిలబడి కాల్చే పోటీ, అందులో ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనలు స్లింగ్‌ను ఒప్పుకోవు. 50 మీటర్ల రైఫిల్ లాంటి పోటీల్లో ప్రోన్ (పడుకుని), నీలింగ్ (మోకాలి మీద) పొజిషన్లకే అది పనికొస్తుంది. వెడల్పు 40 మి.మీ. దాటకూడదు.

మోయడానికైతే 25 లేదా 32 మి.మీ. పట్టీ చాలు. స్వివెల్ (పట్టీని రైఫిల్‌కు తగిలించే లోహపు కొక్కెం) కూడా అదే వెడల్పు ఉండాలి, లేకపోతే పట్టీ అందులో మడతపడి అంచులు కోసుకుపోతాయి. బెజవాడ ఉక్కపోతకు తోలు చెమట తాగి సాగుతుంది, ఆరాక బిరుసెక్కుతుంది, వానాకాలం బూజు పడుతుంది. నైలాన్‌కు ఆ బెడద లేదు గానీ నున్నగా ఉంటే భుజం మీంచి జారిపోతుంది. లోపలివైపు రబ్బరు గీతలున్నది చూసుకోండి.

బిగించే ముందు మ్యాగజైన్ తీయండి, బోల్ట్ తెరవండి, ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటు) చూసి, చిటికెన వేలితో తడమండి. తూటాలు పక్కగదిలో పెట్టేయండి.

రైఫిల్‌కు స్టడ్‌లు (స్వివెల్ తగిలించే, తలలో రంధ్రమున్న మరలు) ముందే ఉంటే పని తేలిక: స్వివెల్ లాక్ తెరిచి, స్టడ్ రంధ్రంలోకి పిన్ దూర్చి మూసేయడమే. లేకపోతే డ్రిల్లింగ్ తప్పదు. లైసెన్స్ ఆయుధమైతే ఆ పని లైసెన్స్ ఉన్న రిపేర్ షాపుకే వదిలేయండి, ఆటోనగర్ లేత్ షాపుకు కాదు.

చెక్క స్టాక్‌లో (రైఫిల్‌ను పట్టుకునే భాగం) వెనక స్టడ్ బట్ (భుజానికి ఆనే కొస) కింది మొన నుంచి సుమారు 65 మి.మీ. ముందుకు, సరిగ్గా మధ్యగీత మీద రావాలి. ముందు టేపు అంటించి దాని మీదే గుర్తు పెట్టండి, లేదంటే పాలిష్ పెచ్చులూడుతుంది. డ్రిల్ బిట్ మందం మర పళ్లంత కాదు, కాడంత ఉండాలి. ఎంత లోతు వెళ్లాలో బిట్ మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. మరకు కొవ్వొత్తి మైనం రాసి తిప్పండి. గట్టి చెక్కలో పొడి మర సగంలో విరిగిందంటే దాన్ని బయటికి లాగడం నరకం.

ముందు స్టడ్‌కు చెక్కలోకి దిగే మర వద్దు. నట్టూ బోల్టూ వేయాలి. స్టాక్ నుంచి బారెల్ విడదీసి లోపలినుంచి నట్టు బిగించండి. నట్టు బారెల్‌కు తగిలితే గుళ్లు పడే చోటు మారిపోతుంది. డొల్ల ప్లాస్టిక్ స్టాక్‌లో మర అసలు నిలవదు, వెనక వాషర్, నట్టు ఉండాల్సిందే.

బారెల్ విరిచి లోడ్ చేసే ఎయిర్ రైఫిల్ కొన్నవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. స్టాక్ ముందుభాగంలో కాకింగ్ లివర్ (బారెల్ విరిచినప్పుడు స్ప్రింగ్‌ను బిగించే కడ్డీ) కదిలే గాడి ఉంటుంది, అక్కడ డ్రిల్ పెట్టకూడదు. బారెల్ బ్యాండ్‌కు (బారెల్ చుట్టూ బిగించే కట్టు) స్లింగ్ తగిలిస్తే బరువంతా బారెల్ మీద పడుతుంది, విరిచేటప్పుడు పట్టీ అడ్డమొస్తుంది. కాబట్టి లోడ్ చేసే ముందు స్లింగ్ విప్పేయాలి. నిజానికి ఇలాంటి రైఫిల్‌కు సంచే మేలు.

ప్రోన్ స్లింగ్‌లో కుడిచేతివాటం వాళ్లు పట్టీని ఎడమ దండ పైభాగంలో, కండ పొంగే చోటికి ఎగువన వేసుకోవాలి. రెండో కొస హ్యాండ్ స్టాప్‌కు (రైఫిల్ కింద రైలు అనే గాడి మీద జరిగే, చేతికి ఆనే అడ్డు) తగిలించి, పట్టీ చేతికి ఒక పక్క నుంచే వెళ్లేలా చూడండి. పడుకుని గురి పెట్టి, ముంజేయి నేలతో 30 డిగ్రీలకు తగ్గకుండా హ్యాండ్ స్టాప్ జరిపి, అలెన్ కీతో బిగించండి. ఇప్పుడు కండ సడలించండి. రైఫిల్ కిందికి వాలితే పట్టీ వదులు. వేళ్లు తిమ్మిరెక్కితే బిగువు. ఫోర్‌సైట్ (బారెల్ కొసన ఉండే గురి గుర్తు) గుండె చప్పుడుతో పాటు ఎగురుతుంటే పట్టీ కిందికి జారి నాడి మీద కూర్చుందన్నమాట. కళ్లు మూసి తెరిచాక గురి పక్కకు పోయి ఉంటే రైఫిల్‌ను చేత్తో లాగకండి, ఒంటినే జరపండి. కుదిరాక రైలు మీది అంకె, బకిల్ రంధ్రం నోట్‌బుక్‌లో రాసుకోండి. తోలు స్లింగ్ కొత్తలో సాగుతుంది కాబట్టి పావుగంట కాల్చాక మళ్లీ చూడాలి.

మోసే స్లింగ్ బిగించాక పరుపు మీద రైఫిల్ ఉంచి రెండు స్వివెల్‌లనూ గట్టిగా లాగి చూడండి. రేంజ్‌కు వెళ్లేటప్పుడు మాత్రం రైఫిల్ సంచిలోనే ఉండాలి. ఎయిర్ రైఫిలే అయినా బందరు రోడ్డు మీద భుజాన వేసుకుని నడిస్తే ఎవరో ఒకరు 112కు ఫోన్ చేస్తారు.