వర్చువల్ మెషిన్ పాఠాలు – 7: డిస్క్ పెంచినా చోటు రాకపోతే

పోయిన పాఠంలో వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) 25 జీబీ డిస్క్‌ని 60 జీబీ చేశాం. చేసి చూసినవాళ్లలో ఎక్కువమంది ఒకే సంగతి రాశారు: దాన్ని నడిపే ప్రోగ్రాం వర్చువల్‌బాక్స్‌లో 60 కనిపిస్తోంది, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటులో మాత్రం పాత లెక్కే ఉంది. ఈసారి నెట్‌వర్క్ చెబుతానన్నాను గానీ అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. డిస్క్ సగంలో ఆగిపోయి ఉంటే దాని మీద ఏ పనీ సాగదు.

ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలితే శివారు చేను తడిసిపోదు కదా. పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె, వీటిలో ఏది పూడుకుపోయినా నీళ్లు అక్కడే ఆగుతాయి. డిస్క్‌లోనూ ఇలాంటి అంచెలే ఉన్నాయి: ఇమేజ్ ఫైలు (వర్చువల్ డిస్క్‌గా పనిచేసే ఫైలు), అందులో పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం), ఎల్‌వీఎం (చోటుని పంచి ఇచ్చే లినక్స్ ఏర్పాటు) ఉంటే లాజికల్ వాల్యూమ్ (అది పంచి ఇచ్చిన వాటా), చివర ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి). ఏ అంచె సైజు దానిదే. పోయినసారి మనం పెంచింది మొదటి అంచెను మాత్రమే. మిగతావి మీకు తెలిసే ఉంటాయని వదిలేశాను, సరిగ్గా అక్కడే ఆగిపోయారు.

ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు మామూలుగా చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి, ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడిపించే మాట) పెట్టండి.

మొదట ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్క్‌ల జాబితా చూపే ఆదేశం) అని కొట్టి, ఎస్‌డీఏ (మొదటి డిస్క్ పేరు) పక్కన ఎంతుందో చూడండి. 60 ఉంటే సమస్య లోపలి అంచెల్లో ఉంది, పది నిమిషాల పని. అక్కడ కూడా 25 అనే ఉంటే స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లడానికి దాచుకున్న మెషిన్ పాత స్థితి) అడ్డుపడింది. దాని గురించి కింద పెద్దగానే చెబుతాను.

ఎస్‌డీఏ 60 చూపించిందనుకుందాం. ఉబుంటు సర్వర్‌ని ఎల్‌వీఎంతో, మిగతావేవీ మార్చకుండా ఇన్‌స్టాల్ చేసి ఉంటే దాని కింద దాదాపు ఇలా కనిపిస్తుంది: ఎస్‌డీఏ1 ఒక ఎంబీ, ఎస్‌డీఏ2 రెండు జీబీ, ఎస్‌డీఏ3 23 జీబీ, దాని లోపల లాజికల్ వాల్యూమ్ 11.5 జీబీ. ఈ 11.5 చూసి కంగారుపడిన వాళ్లున్నారు. ఆ ఇన్‌స్టాలర్ తీరే అంత. ఈ సైజు డిస్క్‌లకు ఉన్న చోటులో సగమే లాజికల్ వాల్యూమ్‌కి ఇచ్చి, మిగతాది ఖాళీగా ఉంచుతుంది. అంటే 25 జీబీ ఉన్న రోజుల్లోనే మీరు వాడుకోని 11 జీబీకి పైగా చోటు లోపల పడి ఉంది. కొందరికైతే ఇమేజ్‌ని పెంచే అవసరమే లేకపోయింది.

ఇక పని. ముందు పార్టిషన్‌ని పెంచే ఆదేశం: గ్రోపార్ట్, తర్వాత స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ, ఒక ఖాళీ, 3. ఆ ఖాళీ మరవకండి. ఎస్‌డీఏ3 అని కలిపి రాస్తే ఈ ఆదేశం ఒప్పుకోదు. దానికి డిస్క్ పేరు వేరుగా, పార్టిషన్ నంబరు వేరుగా కావాలి. పెరిగిన చోటు సంగతి ఎల్‌వీఎంకి చెప్పే తర్వాతి ఆదేశం పీవీరీసైజ్ మాత్రం ఎస్‌డీఏ3ని కలిపే అడుగుతుంది. చివరిది లాజికల్ వాల్యూమ్‌ని పెంచే ఎల్‌వీఎక్స్‌టెండ్: హైఫన్ ఆర్, హైఫన్ ఎల్, ప్లస్ 100 శాతం ఫ్రీ, చివర లాజికల్ వాల్యూమ్ దారి. అందులో హైఫన్ ఆర్ పెడితే ఫైల్ సిస్టమ్‌ని కూడా అదే పెంచేస్తుంది. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను, విడిగా చేస్తే ఆ చివరి అడుగే మరిచిపోతాం. ఎల్‌వీఎం లేకుంటే, గ్రోపార్ట్ తర్వాత ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కి పార్టిషన్ పేరుతో రీసైజ్2ఎఫ్ఎస్ ఇవ్వాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌కి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌గ్రోఎఫ్‌ఎస్ ఇవ్వాలి (మధ్యలో అండర్‌స్కోర్), దానికి పార్టిషన్ పేరు కాకుండా మౌంట్ అయిన చోటు చెప్పాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని పెంచడమే ఉంది, తగ్గించడం లేదు.

డిస్క్ నూటికి నూరు శాతం నిండిపోయి ఉంటే గ్రోపార్టే ఆగిపోతుంది. టెంప్ ఫోల్డర్‌లో చిన్న డైరెక్టరీ చేసుకోవడానికి కూడా దానికి చోటు దొరకదు. అప్పుడు ఆప్ట్ క్లీన్ కొట్టండి, జర్నల్‌సీటీఎల్‌తో పాత లాగ్‌లను 100 ఎంబీకి కుదించండి, మళ్లీ మొదలుపెట్టండి.

ఇప్పుడు స్నాప్‌షాట్. ఎక్కువ నష్టం జరిగింది ఇక్కడే, అందుకే తాపీగా చెబుతున్నాను.

స్నాప్‌షాట్ తీయగానే వర్చువల్‌బాక్స్ మీ అసలు వీడీఐ ఫైలుని (డిస్క్ ఇమేజ్‌ని) అక్కడికి ఆపేస్తుంది. ఆ తర్వాత మీరు రాసే ప్రతిదీ స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లోని కొత్త ఫైల్లోకి పోతుంది. ఆ కొత్త ఫైలుకి సొంత సైజు ఉంటుంది, అది స్నాప్‌షాట్ తీసిన నాటి 25. మీరు పెంచింది అసలు ఫైలుని. మెషిన్ నడుస్తున్నది కొత్త ఫైలు మీద. అందుకే పెంచిన 60 మీకు అందలేదు. గుర్తుపట్టడం తేలిక: మెషిన్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి డిస్క్ మీద నొక్కండి. పేరు మీరు పెట్టినదే ఉంటే స్నాప్‌షాట్ లేదు. మీసాల బ్రాకెట్ల మధ్య అంకెలు, అక్షరాలు పొడుగ్గా ఉంటే ఉంది. అక్కడే వర్చువల్ సైజు ఎంతో కూడా కనిపిస్తుంది. నమ్మాల్సింది ఆ అంకెనే.

వర్చువల్‌బాక్స్ లాంటి ఇతర ప్రోగ్రాంలలో, వీఎంవేర్ వర్క్‌స్టేషన్ అయితే స్నాప్‌షాట్ ఉండగా డిస్క్ పెంచనివ్వదు. హైపర్-వీ అయితే చెక్‌పాయింట్లు (స్నాప్‌షాట్లకి అక్కడి పేరు) ఉంటే ఎడిట్ బటన్‌నే ఆపేస్తుంది. వర్చువల్‌బాక్స్ అసలు ఫైలుని పెంచనిస్తుంది, మెషిన్‌కి అది అందలేదని మాత్రం చెప్పదు.

విరుగుడు: మెషిన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి, సేవ్ స్టేట్ కుదరదు. స్నాప్‌షాట్ల జాబితాలో ఒక్కొక్కటీ డిలీట్ చేయండి. డిలీట్ అన్న మాటకి భయపడి చాలామంది అక్కడ ఆగిపోయారు. ఆ బటన్ మీ ప్రస్తుత డేటాని తీసెయ్యదు, రెండు ఫైళ్లలో ఉన్నదాన్ని ఒకటిగా కలుపుతుంది. పోయేది వెనక్కి వెళ్లే అవకాశం మాత్రమే. రిస్టోర్ బటన్ సంగతి వేరు, అది మిమ్మల్ని పాత రోజుకి తీసుకుపోతుంది, దాని జోలికి వెళ్లకండి.

డిలీట్‌కి భయపడి, చోటు కోసం స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లోని పెద్ద ఫైలుని ఎక్స్‌ప్లోరర్‌లో చేత్తో తీసేసిన వాళ్లున్నారు. ఇది మాత్రం ఎప్పుడూ చేయకండి. రైస్‌మిల్లు లెక్కల మెషిన్‌కి సంక్రాంతికి స్నాప్‌షాట్ తీశారనుకోండి. ఆనాటి నుంచి వచ్చిన ధాన్యం, పోయిన లారీలు, కూలీల పద్దు అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. అది పోతే మెషిన్ తెరుచుకోదు. అసలు వీడీఐని బలవంతంగా తగిలించినా సంక్రాంతి నాటి లెక్కలే కనిపిస్తాయి. ఇప్పటికే తీసేసి ఉంటే ముందు రీసైకిల్ బిన్ చూడండి. ఫైలు మరీ పెద్దదైతే విండోస్ బిన్‌లో పెట్టకుండా నేరుగా తీసేసి ఉండవచ్చు.

కలపడానికి సమయం పడుతుంది, మధ్యలో హోస్ట్ (మీ అసలు కంప్యూటర్) డిస్క్ మీద అదనపు చోటు కూడా కావాలి. ఈదురుగాలికి కరెంటు పోయి వస్తున్న రోజున మొదలుపెట్టకండి. మొదలుపెట్టే ముందు మెషిన్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌కి కాపీ చేయండి. ఆ డిస్క్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఉండాలి. కలిపాక సైజు మళ్లీ చూసుకోండి, 60 లేకపోతే ఇప్పుడు పెంచండి.

ఆదేశంతో పెంచేవాళ్లకి ఒక మాట: అక్కడ అంకె ఎంబీలో ఇవ్వాలి. 60 జీబీ అంటే 61440. ఒక సున్నా ఎక్కువ పడితే 600 జీబీ అవుతుంది, వర్చువల్‌బాక్స్‌లో వెనక్కి తగ్గించే దారి లేదు. డైనమిక్ డిస్క్ అయితే కంగారు అక్కర్లేదు, రాసినంతే హోస్ట్ మీద పెరుగుతుంది. పార్టిషన్‌ని మీకు కావలసినంత పెంచి మిగతాది వదిలేయండి. వీఎండీకే (వీఎంవేర్ డిస్క్ ఫైలు రకం) అయినా, ఫిక్స్‌డ్ రకమైనా, నేనైతే ముందు డైనమిక్ వీడీఐగా క్లోన్ చేసి ఆ క్లోన్‌ని పెంచుతాను. పాతది చేతిలో ఉంటుంది.

విండోస్ గెస్ట్‌లో (మెషిన్ లోపల నడిచేది విండోస్ అయితే) ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే, సి డ్రైవ్‌కీ కొత్త ఖాళీకీ మధ్య రికవరీ పార్టిషన్ కూర్చుని ఉంటుంది. సి తన కుడి పక్కన ఆనుకుని ఉన్న చోటులోకే పెరగగలదు. పార్టిషన్లను మార్చే సాధనం జీపార్టెడ్ ఐఎస్‌ఓతో బూట్ చేసి ఆ పార్టిషన్‌ని చివరికి జరపండి. డిస్క్‌పార్ట్‌తో దాన్ని తీసెయ్యడం కంటే ఇది నాకు నచ్చిన దారి. అసలు డేటా కోసమే చోటు కావాలంటే సి జోలికి పోకుండా రెండో వర్చువల్ డిస్క్ తగిలించండి.

అసలైన హద్దులు రెండు మూడే. డిస్క్‌ని పార్టిషన్లుగా విభజించే పాత పద్ధతి ఎంబీఆర్‌లో సెక్టార్ నంబరుకి 32 బిట్లే ఉంటాయి. 512 బైట్ల సెక్టార్లతో లెక్కేస్తే 21,99,02,32,55,552 బైట్లు, అంటే 2 టీబీ. ఆ పైన కావాలంటే కొత్త పద్ధతి జీపీటీ. హైపర్-వీ డిస్క్ ఫైళ్లలో వీహెచ్‌డీ 2040 జీబీ దగ్గర ఆగుతుంది, వీహెచ్‌డీఎక్స్ 64 టీబీ దాకా పోతుంది.

హోస్ట్ నిండితే వచ్చే చిక్కు వేరు. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 223గా కనిపిస్తుంది. దాని మీద 60 జీబీ మెషిన్‌లు నాలుగు పెడితే ఏదో రోజు హోస్ట్‌లో చోటు అయిపోతుంది, వర్చువల్‌బాక్స్ మెషిన్‌ని పాజ్ చేస్తుంది. పవర్ ఆఫ్ కొట్టకండి. హోస్ట్ మీద చోటు ఖాళీ చేసి రిజ్యూమ్ చేస్తే ఆగినచోటి నుంచి నడుస్తుంది.

అభ్యాసం. పోయినా ఫర్వాలేదనుకునే కొత్త ఉబుంటు సర్వర్‌ని 25 జీబీతో పెట్టండి. రెండు స్నాప్‌షాట్లు తీయండి, ఒక్కోదాని తర్వాత ఒక జీబీ ఫైలు రాయండి. అలా ఉండగానే అసలు వీడీఐని 40 చేసి, ఎస్‌డీఏ ఇంకా 25 చూపించడం మీ కళ్లతో చూడండి. తర్వాత స్నాప్‌షాట్లు కలిపి, అవసరమైతే మళ్లీ పెంచి, అన్ని అంచెలూ దాటించండి. ప్రతి అడుగుకీ ముందూ వెనకా ఎల్ఎస్‌బీఎల్‌కే, డీఎఫ్ హైఫన్ హెచ్ (ఫైల్ సిస్టమ్‌లో ఎంత చోటుందో చూపేది) చూపిన అంకెల్ని కాగితం మీద పట్టిక వేయండి. మీరు రాసిన రెండు ఫైళ్లూ చివర్లో చెక్కుచెదరకుండా ఉండాలి. అందుకని రాసినప్పుడే ఎస్‌హెచ్ఏ256సమ్ (ఫైలు మారిందో లేదో తేల్చే గుర్తింపు అంకె) తీసి ఉంచుకోండి, ఆఖర్న మళ్లీ తీసి పోల్చండి. చిక్కు వస్తే నాకు ఆ పట్టిక మొత్తం పంపండి, ఒక్క తెర ఫొటో చూసి ఏ అంచెలో ఆగిందో చెప్పలేను.