నూలుపోగు పట్టుకొని ఆధునిక ప్రపంచ చరిత్ర చదివే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రంథాలయాల్లో గ్రూప్స్‌కో డిగ్రీ పరీక్షలకో చదువుకునేవారి నోటుపుస్తకాలు తిరగేస్తే, పారిశ్రామిక విప్లవం ఒక రంగు సిరాతో, సామ్రాజ్యవాదం మరో రంగుతో, ఫ్రెంచి, రష్యా విప్లవాలు ఇంకో రంగుతో వేర్వేరు అధ్యాయాలుగా కనిపిస్తాయి. ఇలా చదివితే సంవత్సరాలు గుర్తుంటాయి గాని, ఒకదానికొకటి ఎలా ముడిపడిందని అడిగితే కలం ఆగిపోతుంది. నేను విద్యార్థులకు చెప్పే పద్ధతి వేరు: ఈ మూడింటి గుండా సాగిన ఒక వస్తువును ఎంచుకొని, దాని వెంట నడవాలి. పత్తి పండే చేలూ మగ్గం ఆడే ఊళ్లూ రెండూ ఉన్న మన ప్రాంతం వారికి ఆ వస్తువు పత్తి కావడమే సహజం.

పుస్తకం తెరవడానికి ముందు పోచంపల్లికో, గద్వాలకో, నారాయణపేటకో వెళ్లి, ఒక మగ్గం దగ్గర గంటసేపు కూర్చోండి. పడుగు (నిలువు) పోగుల మధ్య నుంచి పేక (అడ్డం పోగు) ఎలా పోతుందో, దాన్ని మోసే నాడె ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగితే జానెడు బట్ట తయారవుతుందో చూడండి. ఆ తరువాత 1733లో జాన్ కే తెచ్చిన ఎగిరే నాడె గురించి చదివితే, అందులోని అసలు సంగతి వెంటనే అర్థమవుతుంది. నేత వేగం పెరిగింది, కాని వడికేవారి చేతి వేగం పెరగలేదు. మగ్గానికి నూలు చాలలేదు. ఆ కొరతలోంచే 1760లలో హార్‌గ్రీవ్స్ స్పిన్నింగ్ జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ నీటి చట్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్ అనే వడికే యంత్రాలు వచ్చాయి. అప్పుడు కథ తిరగబడింది: నూలు కుప్పలుపడింది, నేసేవారు చాలలేదు, 1785లో కార్ట్‌రైట్ మరమగ్గానికి పేటెంటు తీసుకున్నాడు. ఈ ఐదు పేర్లను జాబితాగా బట్టీ పట్టకండి. ఒక చోట బిగుసుకున్న ముడిని విప్పితే మరో చోట ముడి పడడం అన్న వరుసలో గుర్తుంచుకోండి, అప్పుడు తారీఖులు వాటంతట అవే నిలుస్తాయి.

ఇదే తర్కానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే, నూలును మేకుల చుట్టూ చుట్టడానికి ఒక చేతిని రోజంతా వేలసార్లు ముందుకూ వెనక్కూ ఆడించడమే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రం పుట్టుకకు మేధస్సు ఒక్కటే కారణమని రాసే విద్యార్థికి నేను ఈ ఉదాహరణే చూపిస్తాను. మేధస్సు చాలామందికి ఉంటుంది. ఎక్కడ పని ఆగిపోతున్నదో చేతితో తెలిసినవారు కొందరే. ఇంగ్లండులోనే మొదట ఎందుకన్న ప్రశ్నకు మాత్రం బొగ్గు, హెచ్చు కూలిరేట్లు, వలస వ్యాపారం తెచ్చిన పెట్టుబడి అన్న మూడింటినీ కలిపి రాయాలి. ఏ ఒక్కదానితోనూ సరిపెట్టకూడదు.

రెండో మెట్టు, పత్తి ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం. నల్లగొండ దారుల్లో జిన్నింగ్ మిల్లుల ముందు సీజనులో బారులు తీరే ట్రాక్టర్లను చూసినవారికి, గింజను దూది నుంచి వేరుచేయడం ఎంత పెద్ద పనో చెప్పనక్కరలేదు. 1793లో అమెరికాలో ఎలీ విట్నీ చేసిన జిన్నింగ్ యంత్రం ఆ పనిని తేలిక చేసింది; తేలికైన కొద్దీ అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో పత్తి తోటలూ, వాటిలో పనిచేసే బానిసల సంఖ్యా పెరిగాయి. ఇంగ్లండులోని మాంచెస్టరు మిల్లులో కూలికి పనిచేసిన కార్మికుడి వెనుక కూలి లేని మనిషి ఉన్నాడన్న వాక్యం మీ జవాబులో తప్పక ఉండాలి. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటన్ వాడే పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అక్కడిదే. యుద్ధంతో ఆ సరఫరా నిలిచిపోగా మాంచెస్టరు చుట్టుపక్కల లాంకషైరు ప్రాంతపు మిల్లులు మూతపడ్డాయి.

సామ్రాజ్యవాదం పాఠానికి ఇక్కడి నుంచే దారి. చాలామంది దీన్ని, ఆఫ్రికా పంపకానికి యూరపు దేశాలు నియమాలు రాసుకున్న 1884-85 బెర్లిన్ సమావేశంతో మొదలుపెడతారు. అది తప్పు కాదు, కాని ఆలస్యం. మీరు నిజాం రాజ్యం పటం ముందు పెట్టుకోండి. 1798లో నిజాం, ఇంగ్లీషువారి సైన్యాన్ని తన ఖర్చుతో ఉంచుకునే సైన్య సహకార ఒప్పందానికి ఒప్పుకున్నాడు. ఆ తరువాత హైదరాబాద్ కంటింజెంట్ పేరిట నడిచిన సైన్యం ఖర్చు బాకీపడిందంటూ 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ బేరారును (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతం) ఇంగ్లీషువారి పాలనకు రాయించుకున్నాడు. కాగితం మీద రాసింది బాకీ, చేతికొచ్చింది నల్లరేగడి పత్తి నేల. అమెరికా యుద్ధకాలంలో బేరారు పత్తికి వచ్చిన గిరాకీ, యుద్ధం ముగిశాక కూలిన ధరలూ కలిపి చూస్తే, ఎక్కడో జరిగిన యుద్ధం ఇక్కడి రైతు బాకీ పుస్తకంలోకి ఎలా వచ్చిందో తెలుస్తుంది. 1902లో వైస్రాయి కర్జన్ ఏడాదికి 25 లక్షల రూపాయలకు బేరారును శాశ్వత కౌలుకు తీసుకున్నాడు. కౌలు అన్న మాట మన రైతుకు బాగా తెలుసు. శాశ్వత కౌలు ఎవరి పక్షమో విడిగా చెప్పనక్కరలేదు.

పరోక్ష పాలన, రక్షిత రాజ్యం వంటి పదాలు పరీక్షలో వచ్చినప్పుడు ఈజిప్టుతో పాటు హైదరాబాదును ఉదాహరణగా ఇవ్వండి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చినప్పుడు ఖర్చు ఎవరిది, ఆ దారి ఏ ఓడరేవు వైపు కలుస్తుంది అన్న రెండు ప్రశ్నలు వేయడం అలవాటు చేసుకోండి. బట్ట తిరుగు ప్రయాణం గురించి ఒక్క మాట చాలు: 1813 చార్టర్ చట్టంతో భారత వ్యాపారంలో ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం పోయి, లాంకషైరు బట్టకు ఇక్కడి సంత తెరుచుకుంది.

విప్లవాల దగ్గర నూలుపోగును మరీ లాగకూడదు, తెగుతుంది. 1789 ఫ్రాన్సుకు మూలం పత్తి కాదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి సాయం చేసి మరింత అప్పుల పాలైన ఖజానా, మూడో ఎస్టేటు, అంటే మతాధికారులూ ప్రభువులూ కాని సామాన్యుల మీదే పడిన పన్నులు, రొట్టె ధర. ఆ ఏడాది ఆగస్టు 4 రాత్రి జాతీయ అసెంబ్లీ భూస్వామ్య హక్కుల రద్దును ప్రకటించిందని చదువుతున్నప్పుడు, మా తాతల నోట విన్న వెట్టి గుర్తుకు రావడం సహజమే. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో మరణించాడు. అలా రాజుకున్న సాయుధ పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది. పోలిక వెట్టి, దొర హక్కుల వరకే నిలపండి. నల్లగొండను పారిస్ చేసి రాసే జవాబు దిద్దేవారికి నవ్వు తెప్పిస్తుంది.

మళ్లీ పోగు దొరికే చోట్లు మూడున్నాయి. 1811లో నాటింగ్‌హామ్ ప్రాంతంలో యంత్రాలను ఎదిరించిన లడ్డైట్లనే చేతిపనివారు అల్లిక చట్రాలు పగలగొట్టారు; 1812లో పార్లమెంటు దానికి మరణశిక్ష విధించే చట్టం చేసింది. 1831లో, మళ్లీ 1834లో ఫ్రాన్సులోని లియాన్ పట్టు నేతకారులు కూలి రేటు కోసం తిరగబడ్డారు. 1917లో పెట్రోగ్రాడ్‌లో రొట్టె కోసం పని మానేసి వీధికెక్కి, జారు పతనానికి దారితీసిన సమ్మెను మొదలుపెట్టినవారు బట్టల మిల్లుల స్త్రీలే. అది పాత రష్యా పంచాంగంలో ఫిబ్రవరి 23, మన లెక్కలో మార్చి 8. ఫిబ్రవరి విప్లవం మార్చిలో, అక్టోబరు విప్లవం నవంబరులో ఎందుకు వస్తాయన్న చిక్కు దీనితో తీరుతుంది.

చివరి పని కాగితం మీద. ఒక పెద్ద ఠావు తీసుకొని నిలువుగా మూడు గళ్లు గీయండి: యంత్రం, రాజ్యం, తిరుగుబాటు. సంవత్సరాలు ఎడమ అంచున రాసి, ఒకే వరుసలో ఏ గళ్లు నిండుతున్నాయో చూడండి. 1861 వరుసలో అమెరికా, లాంకషైరు, బేరారు మూడూ కనిపించాలి. ఏ వరుసలోనైనా ఒకే గడి నిండితే, మిగతా రెండింటిలో ఆ దశాబ్దంలో ఏం జరిగిందో వెతికి నింపండి. రోజుకు మూడు వరుసలకు మించి చేయకండి. ఠావు నిండాక దాన్ని మూసిపెట్టి, 1853 నాటి బేరారు వ్యవహారం మీద పది వాక్యాల జవాబు రాయండి. అందులో మాంచెస్టరు పేరు రాకపోతే మళ్లీ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి.